తొంభై ఎనిమిదిలోనూ తొణకని యంత్రం

మా నాన్న భూమి ఫ్యాక్టరీకి పోయింది. బదులుగా నాకు అక్కడి కంప్యూటర్ రూములో నౌకరీ వచ్చింది. ఏడాది దాకా టెంపరరీ. ఈలోపు పెద్ద తప్పు చేస్తే ఇంటికే. అప్పుడు భూమీ ఉండదు, నౌకరీ ఉండదు.

ఆ రూములో రెండు బీరువాలంత పెద్ద పాత కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్ ఉండేది. పటాన్‌చెరులో మేం తయారుచేసే ప్రతి మందు డ్రమ్ము వివరం దాని కడుపులోనే. ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో తెరమీద కనబడేది. పొద్దంతా తొంభై ఎనిమిది శాతం! అయినా గేటువాళ్ళు లారీ చిట్టీ అడిగితే రెప్పపాటులో ఇచ్చేది. దాన్ని చూస్తే నాకు నోట మాట వచ్చేది కాదు.

తొంభైల చివర్లో దాని పక్కకు సర్వర్లని రెండు చిన్న కొత్త కంప్యూటర్లు వచ్చాయి. గేటు పని ఒకదానికి, స్టోరు పని ఇంకోదానికి ఇచ్చారు. వాటి తెరమీద ఎప్పుడు చూసినా పదిహేను, ఇరవై శాతమే. నాకు ఒళ్ళు మండేది. పనిలేని ఎద్దును కట్టేసి మేపితే మా ఇంట్లో ఎవరూ ఊరుకోరు. ఒకరోజు, మా రూముకు పెద్ద అయిన మేడం రాకముందే, రెండు పనులూ ఒక్కదాని మీదే వేసి, నెల రిపోర్టులు కూడా తగిలించి, రెండోదాన్ని ఆపేశాను. శభాష్ అంటారనుకున్నాను.

పదకొండింటికి లారీలన్నీ ఒక్కసారే వచ్చాయి. అంకె డెబ్బై దాటింది, ఎనభై దాటింది. గేటు దగ్గర తెరలు బిగుసుకుపోయాయి. బయట ఒకటే హారన్లు.

మేడం పరుగున వచ్చి, జరిగింది విని, తిట్టకుండా గేటు పనిని మళ్ళీ మెయిన్‌ఫ్రేమ్‌కు తిప్పి, దాన్ని చూపిస్తూ అన్నారు:

"అది అర్జెంటు పనిని ముందు పంపుతది. తర్వాత చేసినా నడిచే పనిని సందుల్ల నింపుకుంటది. గందుకే నిండా ఉన్నా ఎవర్నీ ఆపది. మన సర్వర్లకు గంత వరుస తెల్వది, అన్నీ ఒక్కసారే మీదవడ్తయి. సగం ఖాళీ ఉంచాలె."

తెరమీద తొంభై తొమ్మిది. ప్రింటర్ మాత్రం చిట్టీల మీద చిట్టీలు ఇస్తోంది. లారీలు కదిలాయి. అంత భయంలోనూ కళ్ళప్పగించి చూశాను. ఇంత బరువు మోస్తూ ఇంత నిమ్మళంగా ఉండటం మనుషుల్లో కూడా చూడలేదు.

ఇంతలో మేనేజర్ వచ్చాడు.

"లారీలెందుకు ఆగినయ్? ఈ కొత్తవి ఎంత లోడు మోస్తయ్?"

ఆయన అడిగింది మేడంను. నేనే ముందుకొచ్చాను.

"సగం దాటనియ్యొద్దు సార్" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

నాన్న మొహం కళ్ళముందు మెదిలింది. అబద్ధం నాలుక దాకా వచ్చింది.

"లారీలు ఆపింది నేనే సార్."

ఆయన తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "సగం దాటనియ్యొద్దన్న మాట నోటీసు రాసి గోడకు పెట్టు. కింద సంతకం చెయ్" అని వెళ్ళిపోయాడు.

ఆ ఫ్యాక్టరీలో నోటీసు మీద పర్మనెంటు వాళ్ళు తప్ప ఎవరూ సంతకం చేయరు. అంటే నా నౌకరీ నిలిచినట్టే. నోటీసు కింద నా పేరు పూర్తిగా రాశాను.