ఊ కొట్టిన లస్మన్న

మొన్న మెట్‌పల్లి దగ్గర ఒక పసుపు రైతు ఇంట్లో రికార్డింగుకి కూర్చున్నాను. మైకు పెట్టేముందు అలవాటు కొద్దీ లేచి ఫ్యాను ఆపేశాను. రేకుల ఇల్లు. రెక్కల చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. నిమిషంలో మెడ వెనక చెమట మొదలైంది. ఆ నిశ్శబ్దం, ఆ చెమట కలిసి వచ్చినప్పుడల్లా నేను సౌదీలో, హఫర్ అల్ బాతిన్ లేబర్ క్యాంపులో ఉంటాను. ఎదురుగా లస్మన్న ఉంటాడు.

లస్మన్న మా కంపెనీలో స్లాబులకు చెక్కలు బిగించే వడ్రంగి. జగిత్యాల వైపు మనిషి, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. నేను ఏసీ మెకానిక్‌ని. ఉద్యోగం అదే అయినా, నా కల మాత్రం రేడియోలో వార్తలు చదవడం. చిన్నప్పటినుంచీ ఉన్న పిచ్చి అది. తెలుగు పేపరు ఏది దొరికినా, ఆఖరికి ఊరినుంచి పచ్చడి సీసాకి చుట్టి తెచ్చిన ముక్కయినా సరే, గొంతు బరువు చేసుకుని పైకి చదివేవాణ్ణి. క్యాంపులో అందరూ నన్ను ‘వార్తల సారు’ అని ఆటపట్టించేవారు. నేనేమో దాన్ని బిరుదనుకుని మురిసిపోయేవాణ్ణి.

మావాళ్లలో చాలామందికి ఉత్తరం రాయడం రాదు. కాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద ఇంటికెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. టేప్ రికార్డర్ లస్మన్నది. శుక్రవారం భోజనాలయ్యాక ఒక్కొక్కరే ఆయన గదికి వచ్చేవారు. మోతలో మాట వినపడదని ఆయన ఏసీ ఆపించేవాడు. బయట నిప్పులు చెరిగే ఎండ. వారమంతా ఏసీలు బాగుచేసిన నా చేతనే దాన్ని ఆపిస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక మా క్యాంపు ముందు రోడ్డంతా మిలటరీ బండ్లతో నిండిపోయింది. ఇళ్ల దగ్గర అందరూ హడలిపోతున్నారని కబురు. అందరూ కాసెట్‌ల కోసం ఎగబడ్డారు. పోచయ్య అని ఒక సిమెంటు పనివాడుండేవాడు. మైకు చూస్తే అతనికి నోరు పెగలదు. ఆ శుక్రవారం లస్మన్న సైటుకి పోయాడు. నేనే పెద్దరికం తీసుకుని, పోచయ్య తరఫున నేను చెబుతానన్నాను. గొంతు సవరించుకుని, పోచయ్య గారు సౌదీ అరేబియాలో క్షేమంగా ఉన్నారనీ, కుటుంబ సభ్యులు ఆందోళన చెందవలసిన అవసరం లేదనీ అచ్చం వార్తల్లోలా చదివాను. ఎంత బాగా వచ్చిందో అని రెండుసార్లు విన్నాను కూడా.

నెల తర్వాత పోచయ్య భార్య దగ్గరనుంచి కాసెట్ వచ్చింది. లస్మన్న మా ఇద్దరినీ కూర్చోబెట్టి వినిపించాడు. మొదటి మాటకే పోచయ్య తల్లి గుండెలు బాదుకుందట. ఎవరో సర్కారు మనిషి కొడుకు పేరెత్తి గారు అన్నాడంటే ఇంకేం మిగిలింది అనుకుందట. ఆ పైన పోచయ్య భార్య అంది:

“మాట్లాడెటాయన ఎవలో నాకు ఎరుకలేదు. మా ఆయన మంచిగనే ఉంటె, మరి ఆయన నోరేమైంది? బతికుంటె ఒక్క మాట ఆయననే మాట్లాడుమనుండ్రి.”

తల ఎత్తలేకపోయాను. అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు. లస్మన్న తిట్టి ఉంటే బాగుండేది. “ఏసీ బంద్ జెయ్యి తమ్మీ” అన్నాడంతే. పోచయ్యకి ఎదురుగా కూర్చుని, మైకు సంగతే ఎత్తకుండా, మీ బర్రె ఈనిందా అని అడిగాడు. పోచయ్య ఏదో గొణిగాడు. లస్మన్న “ఊ” అన్నాడు. ఇంకో మాట వచ్చింది. మళ్లీ “ఊ”. చిన్నపిల్లలు కథ వింటూ ఊ కొట్టినట్టు కొడుతూనే ఉన్నాడు. పావుగంటలో పోచయ్య బర్రె దాటి, దూడ దాటి, పెళ్లాం పేరు దాకా వచ్చి, దగ్గి, ఏడ్చేశాడు. లస్మన్న ఎప్పుడు కొత్త కాసెట్ పెట్టి బటన్ నొక్కాడో నేను గమనించనే లేదు. ఆ దగ్గు తీసేసి మళ్లీ రికార్డు చేద్దామన్నాను, నా బుద్ధి పోనిచ్చుకోక.

“ఉండనియ్యి” అన్నాడు లస్మన్న. “ఆ దగ్గు ఆమెకు ఎరుకే.”

యుద్ధం అయిపోయింది. మరుసటేడు సెలవులో వెళ్లి, హైదరాబాదులో రేడియోవాళ్ల గొంతు పరీక్షకు హాజరయ్యాను. వార్తలకి పనికిరావన్నారు. గ్రామీణ కార్యక్రమానికి ఆర్నెల్లు తాత్కాలికంగా తీసుకుంటామని క్యాంపుకి ఉత్తరం రాశారు. సరిగ్గా అప్పుడే కఫీల్, అంటే నన్ను పనికి రప్పించిన అరబ్బు యజమాని, అక్కడ ఉండడానికిచ్చే ఇకామా కార్డును ఇంకో రెండేళ్లు పొడిగిస్తానన్నాడు. పాస్‌పోర్టు మీద పూర్తిగా వెళ్లిపోయే ముద్ర, ఫైనల్ ఎగ్జిట్, కొట్టించుకున్నానా, ఈ ఉద్యోగం మళ్లీ రాదు. ఆర్నెల్ల తర్వాత రేడియో పొమ్మంటే రెంటికీ చెడతాను. ఒక శుక్రవారం లస్మన్న దగ్గర కూర్చుని అదంతా వెళ్లబోసుకున్నాను. అమ్మకేం చెప్పాలి, చెల్లి చదువేం కావాలి, ఇవే మాటలు తిప్పి తిప్పి చెప్పాను. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. నేను ఆపాక లేచి, మంచం మీది తువ్వాలు తీశాడు. దాని కింద టేప్ తిరుగుతోంది. వెనక్కి తిప్పి వినిపించాడు.

ఎవరో మా ఊరి కుర్రాడు మాట్లాడుతున్నట్టుంది. బరువు లేదు, బింకం లేదు. భయాలన్నీ చెప్పుకుని చెప్పుకుని, చివర చాలా మామూలుగా అంటున్నాడు: “ఇవన్నీ నిజమే అన్నా. గని ఏసీలు బాగుజేసుకుంటనే ముసలోన్ని అవుడు నాతోని కాదు.”

ఆ మాట అన్నట్టే నాకు తెలియదు. “విన్నవా?” అన్నాడు లస్మన్న. నెల తిరక్కుండానే ఎగ్జిట్ కొట్టించుకున్నాను. విమానం ఎక్కేదాకా తప్పు చేశానేమో అనుకుంటూనే ఉన్నాను. రేడియోలో ఆర్నెల్లు ఏడాదయ్యాయి, ఏడాది ఇరవై ఏళ్లు దాటింది. వార్తలు మాత్రం ఒక్కరోజూ చదవలేదు.

లస్మన్న పోయి చాలాకాలమైంది. అందరి గొంతులూ టేపులోకి ఎక్కించిన మనిషి, తన కాసెట్ ఒక్కటీ చేసుకోలేదు. నా దగ్గరున్న ఆ కాసెట్‌లో కూడా ఆయన మాట ఒక్కటీ లేదు. నేను తడబడిన ప్రతిచోటా ఒక “ఊ” ఉంది, అంతే.

మొన్న ఆ పసుపు రైతు సగంలో ఆగి కిందికి చూశాడు. నేను ఊ అన్నాను. ఆయన మళ్లీ అందుకున్నాడు. స్టూడియోలో కొత్తగా వచ్చిన అమ్మాయి, మధ్యమధ్యలో మీ “ఊ”లు పడుతున్నాయి సార్, కోసేయనా అని అడిగింది. ఉండనివ్వమ్మా అన్నాను.