రోలుకు పిలుపు

అనిత నుంచి వాట్సాప్‌లో ఒక కార్డు వచ్చింది. చుట్టూ బంతిపూలు, మధ్యలో సాహితి ఫోటో, కింద "పసుపు వేడుక, గురువారం" అని ఉంది. ఆ వెంటనే ఫోన్ చేసింది.

"వదినా, స్విండన్ దాక వచ్చి బొట్టు పెట్టి పిల్సుటానికి టైం దొర్కుతలేదు. ఫోన్లనే బొట్టు పెట్టిననుకో. నువ్వు రాకుంటే పసుపు దంచుడు మొదలే పెట్ట. ఇంకొక మాట వదినా, నీ రోలు పట్టుకరావాలె."

అనిత వాళ్ళు మొదట స్విండన్‌లో మా ఎదురింట్లోనే ఉండేవారు. అనిత రీడింగ్‌లో ఉద్యోగానికి పొద్దున్నే రైలెక్కేది. సాహితి నాలుగేళ్ళ వయసు నుంచి సెకండరీ స్కూల్లో చేరేదాకా బడి నుంచి మా ఇంటికే వచ్చేది. నా చేత్తో అన్నం తినేది. వంటింట్లో కింద కూర్చుని నా రోట్లో వెల్లుల్లి దంచడం దానికి ఆట. నాకు పిల్లలు లేరు. అందుకని కాదు గానీ, ఆ పిల్ల పెళ్ళంటే మా ఇంటి పెళ్ళే అనుకున్నాను. తర్వాత వాళ్ళు బేసింగ్‌స్టోక్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు.

పెళ్ళి శనివారం, హోటల్లో. ఆ సంగతి అనిత ఎప్పుడో నోటిమాటగా చెప్పిందే గానీ కార్డులో లేదు. నాకది వింతగా అనిపించలేదు. మా గుంటూరు వైపు పసుపుకు పిలిచారంటే పెళ్ళికి పిలిచినట్టే. పసుపు దంచి పెళ్ళి చూడకుండా వెళ్ళేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? పెట్టెలో రెండు రోజుల బట్టలు, పెళ్ళినాటికని కొన్న ఆకుపచ్చ పట్టుచీర సర్దుకున్నాను.

ఇక రోలు. కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ పాతచీరలో చుట్టి ఇచ్చిన చిన్న రాతిరోలు అది. దానికి తోడు మూరెడు చెక్క రోకలి, అడుగున ఇనప పొన్ను. రోలును కూరగాయల కోసం వాడే చక్రాల సంచిలో పెట్టి, రోకలిని పక్కన నిలబెట్టాను.

"రాయి మోసుకుని రైలెక్కడమేంటే? అక్కడ ఇండియన్ షాపుల్లో దొరకవా రోళ్ళు?" అన్నారు మా ఆయన. కారు ఆయన షిఫ్టుకు కావాలి, నాకు నడపడం రాదు.

"సాహితి చేయి పడ్డ రోలండీ ఇది," అన్నాను. పైగా మాట ఇచ్చేశాను. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకు వెరవకూడదు.

గురువారం పొద్దున తొమ్మిది దాటాక, టికెట్ ధర తగ్గే వేళ చూసుకుని స్విండన్ స్టేషన్‌కు బస్సులో వెళ్ళాను. బేసింగ్‌స్టోక్‌కు నేరుగా బండి లేదు. రీడింగ్‌లో దిగి మారాలి. ఈ దారిన బరువుతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: లిఫ్టులు ఉన్నాయి కాబట్టి స్టేషన్లో బాధ లేదు, బాధంతా ప్లాట్‌ఫారానికీ రైలుపెట్టెకూ మధ్యనున్న మెట్టు దగ్గరే. అక్కడ నేను ఆగిపోతే, టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన సంచి రెండో వైపు పట్టుకున్నాడు.

"ఇందులో ఏముంది, మీ ఆయనా?" అని అడిగాడు ఇంగ్లీషులో.

"కాదు, రాయి. పెళ్ళికి," అన్నాను.

"నా పెళ్ళికి నాకు ఎవరూ రాయి ఇవ్వలేదు," అని నవ్వుతూ పోయి తన సీట్లో కూర్చున్నాడు.

రీడింగ్ అరగంటలో వచ్చింది. అక్కడ బేసింగ్‌స్టోక్ బండి కోసం కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్మా తిన్నాను. బండెక్కాక ఎదురుగా ఒక అమ్మాయి నా జడలో పూలు చూసి, "ఆంటీ, మీరు తెలుగేనా?" అంది. నిజామాబాద్ పిల్ల, మాస్టర్స్ చేస్తోందట. సంచిలోది చూపిస్తే రోలు మీద చెయ్యి వేసి, వచ్చినప్పట్నించీ ఇట్లాంటిది చూడలేదంది.

"పెండ్లి దాక ఉంటరా ఆంటీ?"

"ఉండకపోతే ఎలాగమ్మా? పెంచిన పిల్ల," అన్నాను. చాలా గొప్పగా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

స్టేషన్ నుంచి టాక్సీలో అనిత ఇంటికి చేరేసరికి పదకొండున్నర. వెనక తోటలో పందిరి వేసి పసుపు తెరలు కట్టారు. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు తిరుగుతున్నారు. సాహితి పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. "ఆంటీ! యూ బ్రాట్ ది రాక్!" అంది. చిన్నప్పటి నుంచీ దానికి రోలంటే రాకే. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

అనిత నా చేయి పట్టుకుని, "బతికించినవ్ వదినా. నీతోని అయిదుగురం అయినం," అంది. అప్పుడు అర్థం కాలేదు. పసుపు దంచడానికి అయిదుగురు ముత్తైదువలు ఉండాలి కదా. గురువారం పూట అనిత స్నేహితురాళ్ళందరికీ ఆఫీసులు. ఆ రోజు ఖాళీగా ఉన్నది అనిత, కరీంనగర్ నుంచి వచ్చిన ఆమె ఆడబిడ్డ శోభక్క, పక్కవీధిలో ఉండే ఇద్దరు, అయిదోదాన్ని నేను.

రోలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, అంచున కంకణం కట్టాం. మొదటి పోటు నన్నే వేయమన్నారు. పసుపు కొమ్ములు టపటపా విరుగుతుంటే పాట అందుకున్నాను. సాహితి వచ్చి నా చేతుల మీద చేతులు వేసింది. చిన్నప్పుడు వెల్లుల్లి దంచినప్పుడు నేను దాని చేతుల మీద వేసేదాన్ని, ఇప్పుడది నా చేతుల మీద వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పసుపు ఘాటు అని చెప్పాను. అబద్ధం చెప్పడమెందుకు, ఆ పావుగంట నేను ఎంతో సంతోషంగా ఉన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనాలు. బగారా అన్నం, వంకాయ కూర, పెరుగన్నం, అన్నీ బయట నుంచి తెప్పించినవే. వంకాయ కూర బాగుంది. నా పక్కన కూర్చున్న పక్కవీధి ఆమె, "శనివారం మీరు ఏ టేబుల్ అండీ? మాది తొమ్మిది," అంది.

"టేబులేంటి?" అన్నాను. హోటల్ పెళ్ళిళ్ళలో పిలిచినవాళ్ళకి ముందే టేబుల్ నెంబరు ఇస్తారని అప్పటికి నాకు తెలియదు.

ఆమె ముఖం మారిపోయింది. ప్లేటు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి అనిత వచ్చి నన్ను వాషింగ్ మెషీన్ ఉన్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, ఏమనుకోకు. హోటలోల్లు ఇంతమందికంటె ఎక్కువ వద్దన్నరు. ఈయన ఆఫీసోల్లు, పెండ్లికొడుకు తరఫోల్లు, ఎవర్ని తీసేద్దునో నువ్వే చెప్పు. నువ్వంటె ఇంటిమనిషివి. అర్థం చేస్కుంటవని నేనే చెప్పిన."

"ఎవరికి చెప్పావు?"

"సాహితికి. అది అడిగింది, ఆంటీ ఏమన్న అనుకుంటదా అని."

అంటే పిల్లకీ తెలుసు. అనిత మీద వచ్చిన కోపం పొంగి దిగిపోయింది గానీ, ఈ మాట మాత్రం గుండెలో దిగబడింది. బయటివాళ్ళని పిలవాలి కాబట్టి ఇంటిమనిషిని వద్దన్నారు. పనిరోజున పనికొచ్చినదాన్ని సెలవురోజున పనికిరాకపోయాను. ఆ గదిలో తడిబట్టల వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంటుంది.

"సరేలే అనితా," అన్నాను. ఇంకేమంటాను?

వంటింట్లో శోభక్క ఒక్కతే గిన్నెలు తుడుస్తోంది. మనసాగక ఆమెతో చెప్పుకున్నాను. ఆమె తువ్వాలు భుజాన వేసుకుని, "నన్ను పిలిచిన్రు గద అక్కా, ఏం లాభం? పెండ్లినాడు చిన్నపోరగాండ్లను చూస్కుంట హోటల్ రూంలనే కూసోవాల్నంట. దిగిన కాన్నుంచి ఈ సింకు కాడనే ఉన్న," అంది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అయింది నా పని. ఇద్దరం కలిసి గిన్నెలు తుడిచాం.

నాలుగింటికి బయలుదేరతానంటే ఎవరూ ఉండమనలేదు. అనిత బొట్టు పెట్టి, రవికె గుడ్డ, ఒక గాజు సీసాలో లడ్డూలు ఇచ్చింది. నేను వెళ్ళి రోలు కడగబోతే గబగబా వచ్చింది.

"రోలు ఈడనే ఉండనియ్యి వదినా! ఫోటోగ్రాఫర్లకు మస్తు నచ్చింది. శనివారం మండపం ముంగట పెడ్తమంటున్నరు. మల్ల పసుపు దంచిన రోలు పెండ్లి అయ్యేదాక ఇల్లు దాటొద్దంటరు."

ఇల్లు దాటకూడని రోలు హోటల్‌కు ఎలా వెళ్తుందో అడగలేదు. మా వైపు అలాంటి పట్టింపు నేనెప్పుడూ వినలేదు కూడా. కానీ నేను రోలెత్తుకుపోయాక రేపు ఆ పిల్ల కాపురంలో చిన్న మాట వచ్చినా నా పేరే చెబుతారు. వదిలేశాను. నా రోలుకు పెళ్ళి పిలుపు వచ్చింది, మోసుకొచ్చిన నాకు రాలేదు.

రోకలి గోడకు ఆనించి ఉంది. దాన్ని తుడిచి నా సంచిలో పెట్టుకున్నాను. మరిచిపోయి పెట్టుకోలేదు. తెలిసే పెట్టుకున్నాను.

సాహితి గుమ్మం దాకా వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టింది. శనివారం సంగతి మమ్ చెప్పింది కదా, వీడియో పంపిస్తాం ఆంటీ, అని ఇంగ్లీషులో అంది. టాక్సీ ఎక్కాను.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రీడింగ్‌లో ఆఫీసులు వదిలే వేళ, ప్లాట్‌ఫారం కిక్కిరిసి ఉంది. స్విండన్ బండిలో నిలబడే వచ్చాను. సూట్‌కేసులో పట్టుచీర మడత విప్పలేదు. నా అరచేతులు పచ్చగా ఉండటం చూసి పక్కనున్న ఒకావిడ, "పెళ్ళి నుంచి వస్తున్నారా?" అని అడిగింది. అవునన్నాను. "బాగా జరిగిందా?" అంది. చాలా బాగా జరిగిందన్నాను.

నా అనుభవంతో ఈ దేశంలో పెళ్ళిళ్ళకు వెళ్ళే మనవాళ్ళకు చెప్పేది ఒక్కటే. కార్డులో ఏ రోజు రాశారో ఆ రోజుకే మీరు చుట్టం. మిగతా రోజుల సంగతి ముందే నోరు తెరిచి అడగండి, సిగ్గుపడకండి. అడగకుండా బరువులు మొయ్యకండి.

స్విండన్ ఇంకా పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. సాహితి.

"ఆంటీ, ఆ స్టిక్..." అని ఆగి, గుర్తు తెచ్చుకుని, "రోకలి!" అంది ముద్దుగా. ఇల్లంతా వెతికారట. నేను పొరపాటున తీసుకెళ్ళానేమో అని మమ్ అందట. తర్వాత ఇంగ్లీషులో చాలా మర్యాదగా అడిగింది: శనివారం పొద్దున హోటల్‌కు తెచ్చి ఇవ్వగలరా? వీలైతే తొమ్మిదిలోపు, గెస్టులు రాకముందు.

సంచిలోకి చెయ్యి పెట్టి రోకలిని ఒకసారి పట్టుకున్నాను.

"పిలుపు లేని చోటికి రోకలి రాదు తల్లీ," అన్నాను.

"పిలుపు?" అంది సాహితి. "వాట్స్ పిలుపు, ఆంటీ?"

రోలు, రోకలి, ఉప్పు, పప్పు, అమ్మ, అత్త, అన్నీ ఆ పిల్లకు నేనే నేర్పాను. ఈ మాట కూడా నేర్పాలని ఎన్నడూ తోచలేదు.

"మీ అమ్మని అడుగు," అని ఫోన్ పెట్టేశాను.

స్విండన్‌లో సంచి దించడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.