మెట్ల మీద బీరువా

ఆ అద్దె ఇంట్లో అందరూ ఆమెను రైట్‌రైట్ అక్క అనేవారు. బస్సు కండక్టరు మరి! ఆమె ఒక్క కేక వేస్తే వీధికి అడ్డంగా నిలబడ్డ లారీలు కూడా జడుసుకుని పక్కకు జరిగేవి. ఇంటి మెట్ల మీద సామాను మాత్రం జరిగేది కాదు. నాలుగు వాటాల వాళ్ల సైకిళ్లు, విరిగిన కుర్చీలు, వాటన్నిటికీ పెద్దన్నలా ఓనరు గారి పాత బీరువా. చేతికర్రతో నడిచే ఆమె మామగారు ఆ ఇరుకులోంచి దిగలేక ఏడాదిగా పై గదిలోనే ఉండిపోయారు. ఏ మంటో లేస్తే ఆయన గతేమిటని ఆమెకు దిగులు.

వాటాల వాళ్లను అడిగితే "ముందు బీరువా తీయించక్కా" అనేవారు. ఓనరేమో "ముందు వాళ్ల చెత్త తీయమనమ్మా" అనేవాడు.

ఒకరోజు పైన ట్యాంకు కారుతుంటే, స్వయంగా వచ్చి చూడమని ఆమె ఓనరును పట్టుబట్టి పిలిచింది. మెట్లెక్కుతుండగా ఆయన పొట్ట బీరువాకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయింది. ఆయన గట్టిగా ఊపిరి పీలిస్తే ఇల్లంతా ఊగిందట!

"లాగవే తల్లీ!"

"లాగుతాను బాబాయ్. మంటలొచ్చిన రోజు మా మామయ్యనెవరు లాగుతారు?"

"తీయించేస్తా, ఇవాళే తీయించేస్తా! ముందు నన్ను తియ్యి!"

ఆ అరుపులకు అందరూ పరుగెత్తుకొచ్చారు. బీరువా కిందికి దించాలంటే ఎవరి సామాను వాళ్లు తీయక తప్పలేదు.

సాయంత్రం మామగారు కోడలి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి గేటు దాకా వచ్చారు. ఆ పూట, ఇంకాసేపంటూ గేటు వదలని ఆయన్ను మళ్లీ పైకి ఎక్కించడానికే ఆమె నానా తంటాలూ పడింది.