జంగ్లీఘాట్‌లో చుట్టం భోజనం

పోర్ట్ బ్లెయిర్‌లో స్థానిక వంట ఎక్కడ తినాలో పత్రికకు రాయాలి. నేనెక్కే ఓడ మర్నాడే. ఒక హోటల్లో బెంగాలీ భోజనం పెట్టారు, ఇంకోచోట ఇడ్లీ. చివరికి జంగ్లీఘాట్‌లో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన చేపలవాళ్ల ఇంట్లో అతిథిగా భోజనానికి కూర్చున్నాను. ఇంటావిడ ముద్దపప్పు వడ్డించింది. పొయ్యి మీద కొబ్బరిపాల చేపల కూర ఘుమఘుమలాడుతోంది.

"అది పెట్టవా అమ్మా?"

"అది మేం రోజూ తినీదే భయ్యా. చుట్టానికి చేపలెడతామేటి? మనూరి వైపు నుంచి ఓడలో వచ్చిన పప్పు మీకోసమే దాచాను."

"నాకు ఇక్కడి వంట కావాలి."

"ఇక్కడ ఎవరింటికెల్లినా చుట్టానికి పప్పే!"

అడిగితే చేపలూ పెట్టింది, మొహమాటపడుతూనే. రెండింటిలో ఏది ఇక్కడిదో తేలలేదు. పాఠకులను పంపితే వాళ్లకూ పప్పే పెడుతుంది. ఏం రాయాలో పాలుపోక ఖాళీ కాగితాలతోనే ఓడెక్కాను.