తెర లేని కెమెరా

డిజిటల్ కెమెరాలో నాకు నచ్చనిది ఒక్కటే, తీసిన బొమ్మను వెంటనే చూపించేస్తుంది. ఆత్మకూరులో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే నేను ఈ మాట అంటే నవ్వుతారు గానీ, మా అవ్వను ఒక్కసారి ఫోటో తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

అవ్వ ఉదయగిరిలో కొండ కింద మేకలు పెట్టుకుని ఉంటుంది. ఆదివారం కొట్టు మూసి బండి మీద పోతాను. మేకల్ని తిడుతూ, వాటి చేష్టలకు తనే నవ్వుతూ తిరిగే మనిషి, కెమెరా కనపడగానే కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. ఎప్పుడైనా నవ్వు దొరికిందా, "ఏదీ, చూపీ" అంటూ తెర మీదికి వంగుతుంది.

"ఇది చెరిపెయ్ రా. నవ్వతా ఉండాను."

"నవ్వితే ఏంది అవ్వా?"

"రేపు దీనికే కదా దండేసేది? చచ్చినందుకు సంబరపడతా ఉండాదనుకోరా జనం?"

మా ఇళ్ళల్లో గోడకెక్కేది పోయినవాళ్ళ ఫోటోనే. తాత కూడా అట్లా బిగుసుకునే వేలాడుతున్నాడు. అవ్వ తన వంతుకు ముందే తయారవుతోంది. నేను చెరిపేదాకా ఊరుకునేది కాదు. ఎన్ని నవ్వులు అట్లా పోయాయో! ఒళ్ళు మండిపోయేది. నాకు కావలసింది ఆ నవ్వు ఒక్కటే.

అప్పుడే, మూతపడిన స్టూడియో నుంచి పాత ఫిల్మ్ కెమెరా ఒకటి నా చేతికొచ్చింది. ఎంత మజా అనుకున్నారు! రీలుకు ముప్పై ఆరు బొమ్మలే. వెలుతురు చూసుకోవాలి, దూరం చూసుకోవాలి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. టపటపా నొక్కేసి తర్వాత ఏరుకునే నాకు, నొక్కకముందు చూడడం అప్పుడే అలవాటైంది.

ఒక ఆదివారం దాన్ని తీసుకుపోతే, అవ్వ ఎప్పటిలాగే బిగుసుకుంది. నొక్కాను. "ఏదీ, చూపీ" అంది. కెమెరా తిప్పి వెనక భాగం చూపించాను. అంతా నలుపే. అవ్వ వేలితో రుద్దింది, తట్టింది, కళ్ళు చికిలించి చూసింది.

"బొమ్మే కనపడదేందిరా? ఫోన్లు అమ్మేవోడివి, నిన్నే ముంచినారురా!"

పగలబడి నవ్వింది. గబగబా రీలు జరిపే లివర్ లాగి, కెమెరా తిప్పి నొక్కేశాను. మళ్ళీ లాగబోతే కదల్లేదు. రీలు అయిపోయింది.

కడగడానికి చెన్నై పంపాను. ఆ నవ్వు పడిందో లేదో తెలియక కొట్లో గిరాకీల మీద విసుక్కున్నాను. చివరికి వాళ్ళు స్కాన్ చేసి పంపితే, బొమ్మలు నా ఫోన్లోకే వచ్చాయి. పడింది! కొంచెం కదిలింది, అయితేనేం, బోసినోరంతా తెరుచుకుని అవ్వ నవ్వుతోంది. కొట్లోనే కేకేశాను.

ప్రింటు వేయించి, నెగటివ్‌తో సహా ఉదయగిరి తీసుకుపోయాను. అవ్వ ఫోటో పట్టుకుని చాలాసేపు చూసింది.

"చెరిపెయ్."

"కుదరదు అవ్వా. రీలు మీద పడిపోయింది."

నెగటివ్‌ను ఎండకు పట్టి చూపించాను. అవ్వ దాన్ని లాక్కుని తనే ఎత్తి చూసుకుంది. పెదాలు బిగించాలని చూసింది గానీ, నవ్వు ఆగలేదు.

"దండకి ఆ బిగుసుకుందే పెట్టుకోండి," అంది. "దీన్ని మాత్రం ఇప్పుడే గోడకి కొట్టు. నేనుండంగానే."