నగిషీ గేరు పిడి

లాండ్రీలో వ్యాను నడిపే అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను నగిషీ. ఆసుపత్రులకీ హోటళ్లకీ ఉతికిన దుప్పట్లు చేరవేయడం అతని ఉద్యోగం. చేతికి దొరికిన వస్తువుకి ఏదో ఒక సొగసు అద్దడం అతని జబ్బు. గొడుగు పిడికి తాడు అల్లాడు. పెట్టె మూతకి చెక్క బుడిపె పెట్టాడు. ఇంటి తాళం మీద చెయ్యి వేయబోతే భార్య అడ్డుపడింది కాబట్టి తలుపు ఇప్పటికీ తెరుచుకుంటోంది.

ఒకరోజు వ్యాను గేరు రాడ్ మీది ప్లాస్టిక్ పిడి పగిలి చేతిలోకి ఊడి వచ్చింది. మెకానిక్ అయిన బావమరిది వచ్చి చూశాడు.

"కొత్తది బిగించేస్తా బావా. నువ్వు టీ తాగేలోపు అయిపోతుంది."

"ప్లాస్టిక్ వద్దురా. పొద్దస్తమానం పట్టుకునే వస్తువు. దానికి కాస్త జీవం ఉండాలి."

"జీవం ఇంజనుకి ఉంటే చాలదా?"

నగిషీ వినలేదు. ఏటి ఒడ్డున ఏరుకొచ్చిన నున్నటి రాయిని తొలిచి బిగించాడు. చూడముచ్చటగానే ఉంది. కానీ ఎండలో నిలిపిన వ్యాను ఎక్కి దాన్ని పట్టుకున్నాడో లేదో, "అమ్మో!" అని చెయ్యి లాక్కున్నాడు. పైగా దాని బరువుకి గతుకు వచ్చినప్పుడల్లా గేరు తనంతట తానే జారిపోయేది.

తర్వాత కొమ్ము మీద మనసు పడింది. దువ్వెనలు చేసే ఆయన్ని బతిమాలి ముక్క తెచ్చి, వంటింటి గట్టు మీదే డ్రిల్లు పెట్టాడు. కొమ్ము మాడిన కంపు ఇల్లంతా కమ్ముకుంది.

"ఆ డ్రిల్లూ మీరూ కలిసి బయటికి నడవండి" అంది భార్య, ముక్కు మూసుకునే.

నల్లగా నిగనిగలాడుతూ తయారైంది పిడి. నగిషీ మురిసిపోయాడు. అంతకంటే ఎక్కువ మురిసింది ఆసుపత్రి గేటు దగ్గరి కుక్క. అతను దుప్పట్లు దించుతుంటే అది తెరిచిన తలుపులోంచి దూరి, బంకతో అతికిన పిడిని కొరికి పీకి, నోట కరుచుకుని పరుగు తీసింది. భుజాన దుప్పట్ల మూటతో దాని వెంట పడ్డ నగిషీని నర్సులు కిటికీల్లోంచి కళ్లారా చూశారు.

"కుక్క అంత ఇష్టపడిందంటే నీ పనితనం మాటలా బావా!" అన్నాడు బావమరిది.

ఆ రోషంలోనే ఉండగా అతని చూపు భార్య రొట్టెల కర్ర మీద పడింది. ఏళ్లుగా నూనె తాగి, ఆమె అరచేతుల కింద దొర్లి దొర్లి తేనెరంగు తిరిగిన కర్ర. అలాంటి చెక్క బజార్లో ఎక్కడ దొరుకుతుంది? ఆమె ఇంట్లో లేనప్పుడు ఒక కొస కోసేశాడు. ఆకురాయితో గుండ్రం చేసి, గరుకు కాగితంతో నునుపు తేల్చి, లోపల నట్టు అతికించి బిగించాడు. మిగిలిన పొట్టి కర్ర బీరువా వెనక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆమె కర్ర కోసం ఇల్లు గాలించింది. నగిషీ కూడా టార్చిలైటు పట్టుకుని మంచం కింద బుద్ధిగా వెతికాడు. "మీ తమ్ముడేమైనా పట్టుకుపోయాడేమో" అని ఒక మాట కూడా జారవిడిచాడు.

మర్నాడు ఆమె వ్యానులో అతని పక్కన కూర్చుంది. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని ఆమెది. మలుపులో వ్యాను ఊగితే ఆసరా కోసం పిడి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీయలేదు. ఎప్పుడో పొయ్యి సెగ తగిలి చెక్క కమిలిన చోట, గరుకు కాగితానికీ పోని మచ్చని వేలితో తడిమి చూసింది.

"వ్యాను ఆపండి."

ఆపాడు.

"ఇది నా కర్ర."

"అంటే... మంచి చెక్క కదా అని..."

అతను తిట్ల కోసం తల వంచుకుని సిద్ధపడ్డాడు. ఆమె పిడిని గుప్పిట బిగించి, "నాకు డ్రైవింగ్ నేర్పండి" అంది. "నా కర్ర ఎక్కడుంటే నా చెయ్యీ అక్కడే ఉంటుంది."

అతను తల ఊపి వ్యాను ముందుకి పోనిచ్చాడు.

లాండ్రీ వెనక ఖాళీ స్థలంలో పాఠాలు మొదలయ్యాయి. వ్యాను ఎగిరి ఎగిరి ఆగిపోతుంటే నగిషీ "క్లచ్! క్లచ్!" అని గొంతు చించుకునేవాడు.

"అరవకండి. నాకు వినిపిస్తూనే ఉంది, వ్యానుకే వినిపించడం లేదు" అనేది ఆమె.

క్లచ్ ఏడిపించింది గానీ గేరు మాత్రం ఆమె మాట ఇట్టే విన్నది. తన చేతిలో కిర్రుమనేది ఆమె చేతిలో చప్పుడు లేకుండా పడుతుంటే నగిషీకి కొంచెం కడుపు మండింది, అంతకు మించి గర్వమేసింది. ఆ గర్వాన్ని బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు. వాడు లాండ్రీ అంతా చెప్పాడు.

ఆమెకి లైసెన్సు వచ్చింది. ఇప్పుడు ఇంటికి వచ్చేటప్పుడు ఆమే నడుపుతుంది. అతను పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూ వస్తాడు. ఇంటికి చేరాక ఆమె కాళ్లు చాపుకుంటే, బీరువా వెనకనుంచి బయటపడ్డ పొట్టి కర్రతో రొట్టెలు ఒత్తే పని అతనిది.

మొన్న ఆ కర్ర పట్టుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"దీని కొసకి చిన్న పువ్వు చెక్కితే ఎలా ఉంటుందంటావ్?"

"ముందు రొట్టె గుండ్రంగా రానివ్వండి" అంది ఆమె. "తర్వాత చెక్కుదురుగాని."