మా ముత్తాత మీసం

మొన్న ఆదివారం నేనేం చేసొచ్చానో తెలుసా? గోదారి అవతల, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన ఇంట్లోకి దూరి, ఆయన్ని గట్టిగా పట్టుకుని ఏడ్చొచ్చాను. ఆయన కూడా ఏడ్చాడు లెండి. నవ్వకండి, చాయ్ ఒలుకుతుంది. మొదటి నుంచి చెప్తాను.

కారేపల్లిలో మా ఇంటి ముందు గదిలో మా ముత్తాత ఫొటో ఉంది కదా, మీరంతా చూసిందే. తలపాగా, మెలితిప్పిన మీసం, ఎటో దూరంగా చూసే కళ్లు. చిన్నప్పటి నుంచి నాకాయనంటే పిచ్చి. "అచ్చం తాత ముక్కేరా నీది" అని చుట్టాలు అంటుంటే పొంగిపోయేవాణ్ణి. డిగ్రీ అయిపోగానే ఆయనలాగే మీసం పెంచాను. మధ్యాహ్నం పూట ఆ ఫొటో కింద కునుకు తీస్తే ఒకటే కల. ఆయన టేకు చెట్ల మధ్య నడిచిపోతుంటాడు, నేను వెనకాల ఉరుకుతుంటాను. ఒక్కసారీ వెనక్కి తిరిగేవాడు కాదు.

ఆయన చిన్న కొడుకు లచ్చయ్య. మా నాన్నకు సొంత చిన్నాయన. కలప పనికని అడవికి పోయి మళ్లీ రాలేదు. "ఆయన పిల్లలు యాడున్నరో. వాళ్లింట్ల ఒక్క పూటన్న అన్నం తినాలెరా" అంటూ అంటూనే నాన్న పోయాడు. ఆ మాట నన్ను వదల్లేదు. ఇక చూడండి, భూముల లెక్కలు రాసే పాత పహాణీలు, ఓటర్ల లిస్టులు, ఫోన్‌లో వంశవృక్షం యాప్! "ఉన్న చుట్టాలకే ఫోన్ చెయ్యరు, పోయినోళ్లను దేవులాడుతున్నరు" అని మా ఆవిడ సరిత దెప్పుతూనే ఉంది.

చివరికి దొరికాడు! దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరి పాత పహాణీలో లచ్చయ్య! ఇంటిపేరు ఉండాల్సిన చోట చెదలు తినేశాయి. తింటే తిననీ అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే బండి తీశాను.

ఆ దారి గురించి ఏం చెప్పను! పాల్వంచ దాటేసరికి మోదుగులు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. గోదారి బ్రిడ్జి మీద చల్లటి గాలి. అడవిలోకి రాగానే ఇప్పపూల వాసన, తియ్యగా, మత్తుగా. బండి ఎప్పుడు స్లో చేశానో నాకే తెలియదు. ముందు మలుపులో ఒక తలపాగా కనిపించి మాయమైనట్టయింది. ఇవాళ ముత్తాత వెనక్కి తిరుగుతాడని నా మనసు చెప్పింది.

ఊళ్లో ఎవరినడుగుదామా అని బండి ఆపానో లేదో, ఎదురింటి తలుపు తీసి ఉంది. లోపల గోడకు, దండ వేసి... మా ముత్తాత! అదే తలపాగా, అదే మీసం, అదే చూపు! ఒళ్లు జల్లుమంది. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి ఉరికాను.

"ఎవలయ్యా నువ్వు?" అన్నాడు మంచం మీద పెద్దాయన.

"గా ఫొటో ఎవలది పెద్దయ్యా?"

"మా తాతది."

"మీ నాయన పేరు లచ్చయ్యనా?"

"అవ్. నీకెట్ల ఎరుక?"

ఇంకేం కావాలి! "చిన్నాయనా!" అని మీద పడిపోయాను. ఫోన్‌లో మా ఇంటి ఫొటో చూపించాను. ఆయన ఫోన్ చూశాడు, గోడ చూశాడు, నా మీసం చూశాడు. "మా పెద్దనాయన పిల్లలు యాడనో ఉన్నరని మా నాయన చెప్తుండె బిడ్డా" అని బావురుమన్నాడు. ఆయన భార్య, అంటే నా లెక్కన చిన్నమ్మ, కళ్లు తుడుచుకుంటూనే కోడిని కోయించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే నాన్న పక్కనే కూర్చున్నట్టుంది.

చేతులు కడుక్కుని యాప్ తెరిచాను. "చిన్నాయనా, మన మామిళ్లోళ్లు..."

"మామిళ్లోళ్లు ఎవలు? మా ఇంటిపేరు కంచర్ల గద."

ఫోన్ మెల్లగా జేబులో పెట్టుకున్నాను. పెరట్లో మిగిలిన కోళ్లు ఏదో అనుకుంటున్నాయి. అసలు లచ్చయ్య లేని ఊరు మన దగ్గర ఎక్కడుందండీ! సరే, మరి ఫొటో?

చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను కాపురానికి వచ్చిన కొత్తల సైకిల్ మీద ఒక బొమ్మలాయన వచ్చిండు బిడ్డా. పోయినోళ్ల ఫొటో లేనోళ్లకు అమ్ముతుండె. 'మీ మామకు మీసం ఉండెనా' అని మా అత్తను అడిగిండు. ఉండె అన్నది. గీ బొమ్మ ఇచ్చిండు. మీసం లేనోళ్లకు ఇంకోటి ఉండె. గీ తాత మా వాడల ఇంక శానా ఇండ్లల్ల ఉన్నడు."

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"అవ్, మీ నాయనమ్మ సైకిలాయన దగ్గరనే కొన్నది. అయితే ఏంది?"

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందే?"

"నువ్వు అడగలే. మీసం గిట్ల పెంచుకొని మురుస్తుంటివి, నడుమ నేనెందుకు చెప్పుడు?"

"మరి నా ముక్కు?"

"అది మా అన్నది."

తల వంచుకుని మళ్లీ లోపలికి పోయాను. "తప్పయింది పెద్దయ్యా. అనవసరంగ మీ కోడి..."

"పెద్దయ్య ఏంది? ఇందాక చిన్నాయనా అంటివి గద" అన్నాడాయన. "మళ్ల వచ్చేటప్పుడు కోడలిని, పిల్లలను తీస్కరా." మళ్లీ ఏడుపొచ్చింది. నాన్న కోరిన అన్నమైతే తిన్నాను, ఇల్లే వేరు.

తిరుగు దారిలో కొత్తగూడెం దాకా బండి అద్దంలో నా మొహం నేనే చూసుకోలేకపోయాను. ఎవరిదీ ఈ మీసం? ఇన్నేళ్లు ఎవరికోసం నూనె రాశాను? కనిపించిన సెలూన్‌లో దూరి కుర్చీలో కూలబడ్డాను. మొత్తం తీసెయ్ తమ్మీ అందామని నోరు తెరిచి అద్దంలోకి చూశాను.

నా వెనక గోడకు, అగరుబత్తి పొగలో, దండ వేసి, ఆయనే! కలలో ఒక్కసారీ వెనక్కి తిరగనివాడు, నా భుజం మీదుగా నాతో పాటే అద్దంలోకి చూస్తున్నాడు.

"మా తాత అన్నా" అన్నాడు కత్తి పట్టుకున్న అబ్బాయి, నన్నూ ఫొటోనూ మార్చి మార్చి చూస్తూ. "మీది అచ్చం ఆయన మీసమే! మాకేమన్న చుట్టమా మీరు?"

"అవ్ తమ్మీ, దూరపు చుట్టాన్ని" అన్నాను. "కొసలు జర మెలితిప్పు."